ఆదివారం తమ్ముడితో కలుద్దాం

అందరికీ నమస్కారం. 2020లో కరోనా వల్ల పసిఫిక్‌లో పడవ మీదే ఉండిపోయిన మా తమ్ముడు విశాఖ వచ్చాడు. ఆదివారం ఉదయం 6 గంటలకు ఆర్‌కే బీచ్‌లో కాళీమాత గుడి ఎదురుగా కలుద్దాం. పిల్లల్ని తప్పకుండా తీసుకురండి.

ఆ మార్చిలో వాడి తెరచాప పడవ పసిఫిక్ దీవి తాహితీలో లంగరు వేసి ఉంది. చుట్టుపక్కల దీవులు ఒక్కొక్కటిగా రేవులు మూసేశాయి. ఇటు మన దేశానికి విమానాలు బంద్. ఎండకు కట్టిన గుడ్డ మీద పడ్డ వాన నీళ్లే బకెట్లో పట్టుకునేవాడు. గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి, ఒక్క గ్లాసు మంచినీళ్లతో కడిగేవాడు. ఇక్కడ అమ్మ ఫోన్‌లో మ్యాప్ మీద వాడి పడవను చూపించే చుక్కను రోజుకు పదిసార్లు చూసుకునేది. కదలకపోతే టెన్షన్, కదిలితే ఇంకా టెన్షన్.

మన నేవీ నౌక జలాశ్వ మే నెలలో మాల్దీవుల రాజధాని మాలేలో చిక్కుకున్న 698 మందిని కొచ్చికి తెచ్చినప్పుడు అమ్మ టీవీ ముందు కూర్చుని ఏడ్చేసింది.

చివరికి ఫిజీ దారి ఇచ్చింది. పరీక్షలో నెగటివ్ వస్తే రమ్మంది. సముద్రంలో గడిపిన రోజుల్ని కూడా 14 రోజుల క్వారంటైన్‌లో కలిపింది. ఆ చిన్న దేశాన్ని మా ఇంట్లో ఇప్పటికీ తలుచుకుంటాం.

టిఫిన్ మా ఇంట్లోనే. ఎంతమంది వస్తారో శనివారం మధ్యాహ్నంలోగా చెప్పండి, ఇడ్లీకి పిండి రుబ్బాలి.