మన తూర్పు కనుమల్ని కూడా లెక్కలో వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో జీవవైవిధ్యం మీద ఫుల్ పేజీ ఇచ్చారు, చాలా సంతోషం. అందులో ఇండియా మ్యాప్ వేసి పశ్చిమ కనుమలు, ఈశాన్య రాష్ట్రాలు ముదురు ఆకుపచ్చగా, మన రాయలసీమ, తెలంగాణ వైపంతా లేత పసుపుగా చూపించి కింద 'జాతులు తక్కువ ఉన్న ప్రాంతాలు' అని రాశారు. మ్యాప్ కరెక్టే. కానీ ఆ పసుపు రంగు చూసి జనం ఏమనుకుంటారో అదే నా బాధ, ఎందుకంటే కడప జిల్లాలో ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్తాను నేను, ఏటా ఎవరో ఒకరు లేచి 'మన దగ్గర ఏముంది మేడం, అంతా కంపే కదా' అంటారు.

మ్యాప్ అలా ఎందుకొస్తుందో రెండు మాటల్లో చెప్తా. భూమధ్యరేఖ దగ్గరికి పోయేకొద్దీ జాతులు పెరుగుతాయి, ధ్రువాల వైపు పోతే తగ్గుతాయి, ఇది రెండొందల ఏళ్ల కిందట జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ కాలం నుంచీ తెలిసిందే. కొలంబియా మన దేశంలో మూడో వంతు ఉంటుందేమో, అక్కడ దాదాపు 1,900 పక్షి జాతులు, మనకి 1,300 పైచిలుకు, మనకన్నా ఐదు రెట్లు పెద్దదైన రష్యాలో మన దరిదాపుల్లో కూడా లేవు. ఏడాది పొడుగునా ఎండా నీళ్లూ దొరకడం, మంచు యుగాల్లో నేల మంచు కింద పడకపోవడం, ఇట్లా కారణాలు చాలా చెప్తారు, ఏది ఎంత అన్నదాని మీద సైంటిస్టులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. మన దేశం లోపల మాత్రం చాలావరకు వానే తేలుస్తుంది. పశ్చిమ కనుమల్లో ఉన్న కర్ణాటక ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లు దాటి పడుతుంది, మా కడపలో 700 అటూ ఇటూ. పదో వంతు వానతో మా కొండలు ఆ కొండలతో పోటీ పడలేవు, ఒప్పుకుంటా.

అయితే ఎన్ని జాతులున్నాయి అనేది ఒక లెక్క, వాటిలో ఇంకెక్కడా దొరకనివి ఏవి అనేది వేరే లెక్క. ఈ రెండో లెక్క మీ పేజీలో ఎక్కడా కనపళ్లేదు. ఎర్రచందనం సంగతే తీసుకోండి, స్మగ్లర్ల వార్త లేని వారం ఉండదు మీ పేపర్లో, కానీ ఆ చెట్టు తనంతట తాను మొలిచేది ప్రపంచం మొత్తంలో మన దక్షిణ తూర్పు కనుమల్లోనే, శేషాచలం, పాలకొండలు, వెలికొండలు, లంకమల, ఆ చుట్టుపక్కలే అన్న ముక్క ఆ వార్తల్లో ఒక్కసారైనా రాశారా? వాన లేదు, రాళ్ల నేల, మండే ఎండ, ఆ చెట్టుకి కావాల్సింది అదే.

ఇంక కలివికోడి అనే పిట్ట. 1848లో సైన్సు లెక్కల్లోకి ఎక్కింది, పాత రికార్డులు పెన్నా లోయలోనూ గోదావరి లోయలోనూ ఉన్నాయి, 1900 తర్వాత మళ్లీ ఎవరికీ కనపడలేదు, పోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లకి మా లంకమల పక్కన దొరికింది, అదీ ఆ పిట్ట తెలిసిన ఇక్కడి వేటగాళ్ల సాయంతోనే. రాత్రిపూట తిరిగే పిట్ట, చప్పుడైతే కదలకుండా నిలబడిపోతుంది, పొద్దు గూకినాక కాసేపు అరిచి ఊరుకుంటుంది, ఎట్లా కనపడుతుంది చెప్పండి. అందుకే తర్వాత వచ్చిన రీసెర్చ్ వాళ్లు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలాగా పరిచి తెల్లారి మూడు వేళ్ల కాలిముద్రలు ఉన్నాయేమో చూసుకునేవాళ్లు. వాళ్లకి తెలిసిందేంటంటే దట్టమైన అడవి ఈ పిట్టకి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు, పొదలు ఉండాలి, పొదల మధ్య పరిగెత్తడానికి ఖాళీ ఉండాలి. అంటే మనం 'ఉత్త కంప' అని తీసి పారేసే నేల. ఆ కంపలోనే 2005లో తెలుగు గంగ కాలువ పనుల కోసం జేసీబీలు దిగితే పెద్ద గొడవై చివరికి కాలువ దారి మార్చాల్సి వచ్చింది. కాలువ నీళ్లు మా రైతులకి ఎంత అవసరమో నాకు తెలుసు, మా ఇంట్లోనూ వ్యవసాయమే. కానీ ఇట్లాంటి పిట్ట అక్కడ ఉందని మొదటే అందరికీ తెలిసుంటే ఆ దారి ముందే మారేది కదా, అంత డబ్బూ టైమూ పోయేవి కాదు.

ఇంకో సంగతి, మ్యాప్‌లో కనపడేది జీవులు ఎక్కడున్నాయి అన్నది మాత్రమే కాదు, మనుషులు ఎక్కడ వెతికారు అన్నది కూడా కలిసే ఉంటుంది. గుత్తి టరాంటులా అనే సాలీడు ఉంది, నీలం రంగులో మెరిసిపోతుంది, 1899లో గుత్తి రైల్వే కట్టెల యార్డులో దొరికిన ఒక్క సాలీడు చూసి పేరు పెట్టారు. తర్వాత వందేళ్లు ఎవరికీ దొరకలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో దొరికింది, గుత్తికి దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. మొదటిది కట్టెలతో పాటు రైలెక్కి వచ్చుంటుందని అంచనా. అంటే వందేళ్లు దాని అడ్రస్సే తప్పు!

తిరుమల కొండల్లో బంగారు బల్లి ఉంది, జలపాతాల దగ్గర తడి బండల సందుల్లో ఉంటుంది, ఆడవన్నీ ఒకే చోట బండకి అతికించినట్టు గుడ్లు పెడతాయి. దాని ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాల గుంపులో, ప్రపంచం మొత్తం మీద రెండే జాతులు, ఒకటి మన వైపు, రెండోది శ్రీలంకలో. మధ్యలో సముద్రం, కానీ మంచు యుగాల్లో నీటిమట్టం తగ్గినప్పుడల్లా అటూ ఇటూ నేల కలిసే ఉండేది. విశాఖ ఏజెన్సీ గిరినాగుది, అంటే కింగ్ కోబ్రాది, ఇంకో కథ. 2024లో గిరినాగుని నాలుగు జాతులుగా విడదీశారు, పశ్చిమ కనుమలది వేరే జాతి అయింది, మన తూర్పు కనుమలది మాత్రం హిమాలయాల నుంచి థాయిలాండ్ దాకా ఉండే జాతిలోకి వెళ్లింది. ఒకే రాష్ట్రంలో ఒక చివర శ్రీలంక చుట్టం, ఇంకో చివర హిమాలయాల చుట్టం. ఇట్లాంటి కొండల్ని పసుపు రంగు పూసి వదిలేస్తే ఎట్లా సార్?

ఒక ప్రాంతం జీవవైవిధ్య 'హాట్‌స్పాట్' అనిపించుకోవాలంటే అక్కడే పుట్టి ఇంకెక్కడా లేని మొక్కలు కనీసం 1,500 ఉండాలి, అసలు అడవిలో 70 శాతం పోయుండాలి. పశ్చిమ కనుమలు శ్రీలంకతో కలిసి ఆ లిస్టులో ఉన్నాయి, తూర్పు కనుమలు లేవు. ప్రపంచంలో డబ్బు ముందు ఎక్కడ పెట్టాలో తేల్చుకోడానికి పెట్టిన రూలు అది, దాన్ని పట్టుకుని ఇక్కడ ఏమీ లేదని తీర్మానించడం అన్యాయం.

మీరు చేయగలిగింది ఒకటుంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో కమిటీ ఉండాలి, ఆ ఊరి జీవుల వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మా దగ్గర్లో ఒక చోట అడిగి చూస్తే వేప, తుమ్మ, కాకి, పిచ్చుక అని రాసి ముగించారు, కొండ మీద గొర్రెలు కాసే వాళ్లని ఒక్కరినీ అడగలేదంట. మీకు ప్రతి మండలంలో విలేకరి ఉన్నారు. జిల్లా పేజీలో వారానికి ఒక పంచాయతీ రిజిస్టర్ తెరిచి అందులో ఏముందో, ఏం రాయలేదో వేయండి, యానాదుల్నీ చెంచుల్నీ గొర్రెల కాపర్లనీ అడిగి వేయండి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి, ఆ నీలం సాలీడుకి విదేశాల్లో పెంపకం కోసం కొనేవాళ్లున్నారు, కాబట్టి అట్లాంటి వాటి గురించి రాసేటప్పుడు గుట్ట పేరు, వాగు పేరు వేయొద్దు, జిల్లా పేరు చాలు.

ఇట్లు,
ఒక బోటనీ లెక్చరర్,
బద్వేలు