32 లక్షల పనికి 146 పేజీల అగ్రిమెంటు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి,

నమస్కారం. నేను ప్రభుత్వ పనులు చేసుకునే చిన్న కాంట్రాక్టర్ని. పంతొమ్మిదేళ్లుగా స్కూలు గదులు, ప్రహరీలు, సిమెంటు రోడ్లు, డ్రైన్లు కడుతున్నాను. ఈ లేఖ పెండింగ్ బిల్లుల గురించి కాదు. ఆ అర్జీలు మీ టేబుల్ మీద ఇప్పటికే గుట్టగా ఉండి ఉంటాయి. బిల్లు కంటే చాలా ముందు మేం సంతకం పెట్టే అగ్రిమెంటు పుస్తకం గురించి రాస్తున్నాను. ఆ పుస్తకం ఒక్క శాఖది కాదు, అందుకే ఏ ఒక్క మంత్రిగారికో కాకుండా మీకు రాస్తున్నాను.

మూడేళ్ల కిందట ఓ ఊళ్లో రెండు తరగతి గదుల పని టెండర్లో నాకు దక్కింది. ఎస్టిమేటు 32 లక్షలు, గడువు ఆరు నెలలు. అగ్రిమెంటు రోజున ఆఫీసులో 146 పేజీల కట్ట ముందు పెట్టి, పెన్సిల్‌తో టిక్కు కొట్టిన చోటల్లా సంతకం పెట్టమన్నారు. పెట్టాను. చదివావా అని ఎవరూ అడగలేదు. చదివి పెడతానని నేనూ అనలేదు. మా వాళ్లలో దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అంతా ఇంగ్లిషు, అదీ కోర్టు ఇంగ్లిషు.

చదవాల్సిన రోజు తర్వాత వచ్చింది. గదులు కట్టాల్సిన చోట పాత పెంకుల గది ఒకటి ఉంది. దాన్ని పడగొట్టడానికి అనుమతి వచ్చేసరికి నాలుగున్నర నెలలు పట్టింది. ముందే దింపుకున్న ఐరన్ వానకు తుప్పు పట్టింది. అడ్వాన్సు తీసుకున్న సెంట్రింగ్ మేస్త్రీ ఎన్నాళ్లని ఆగుతాడు, వేరే పనికి వెళ్లిపోయాడు. గడువు పెంచమని అర్జీ పెడితే, 'ఆలస్యం కారణంగా అదనపు సొమ్ము ఏదీ కోరను' అని వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసిస్తేనే ఫైలు కదులుతుందన్నారు. రాసిచ్చాను. ఆ రాత్రి ఇంటికొచ్చి పుస్తకం తీశాను.

మందుగుండు సామాను ఎక్కడ నిల్వ చేయాలో అందులో రెండు పేజీలు ఉంది. రెండు తరగతి గదులకు! ఒకచోట 'కాలువ గట్టు' అనే మాట మూడుసార్లు వచ్చింది. ఏదో ఇరిగేషన్ పని పుస్తకంలోంచి ఎత్తి పెట్టినట్టున్నారు, పోనీ, దానివల్ల నాకు నష్టం లేదు. నష్టం చేసింది ఇంకొకటి. 41వ పేజీలో సిమెంటు, ఐరన్ ధరలు పెరిగితే లెక్క ఎలా సవరించాలో ఫార్ములాతో సహా ఉంది. చూసి ప్రాణం లేచొచ్చింది. 118వ పేజీలో, ప్రత్యేక షరతుల కింద, ఒకే ఒక్క లైను: పై క్లాజు ఈ పనికి వర్తించదు.

స్టాండర్డ్ అగ్రిమెంటు ఉండటాన్ని నేను తప్పు పట్టడం లేదు. అది ఉండాలి. ప్రతి పనికీ కొత్త అగ్రిమెంటు రాస్తే మాలాంటివాళ్లు టెండరే వేయలేరు. ఏ షరతు ఎక్కడ ఉంటుందో తెలిస్తేనే రేటు ధైర్యంగా కోట్ చేస్తాం. కానీ ముందు 41వ పేజీలో ఇచ్చింది వెనక ఒక్క లైనుతో లాక్కుంటే ఇక అది స్టాండర్డ్ ఎలా అవుతుంది? కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య ఫిడిక్ తయారుచేసే, ప్రపంచమంతా వాడే నమూనా కాంట్రాక్టులకు కూడా ఈ జబ్బు పట్టింది. అందుకే 2019లో ఆ సంస్థ ఐదు సూత్రాలు ప్రకటించింది. ప్రత్యేక షరతులు స్పష్టంగా ఉండాలని, సాధారణ షరతుల్లో రెండు పక్షాల మధ్య పంచిన లాభనష్టాల తూకాన్ని అవి మార్చకూడదని అందులో ఉంది.

ఇక పీఎస్ 59, అంటే ప్రిలిమినరీ స్పెసిఫికేషన్లలో 59వ క్లాజు. పాత మద్రాసు రోజుల స్పెసిఫికేషన్ల వారసత్వంగా మనకొచ్చిన క్లాజు. ఏ కారణంతో ఆలస్యమైనా నష్టపరిహారం అడగకూడదు, తగినంత గడువు మాత్రం ఇస్తారు అని దాని సారాంశం. నేను ఆలస్యం చేస్తే జరిమానా, శాఖ ఆలస్యం చేస్తే నాకు గడువు. మన రాష్ట్ర కాంట్రాక్టరు కేసులోనే సుప్రీంకోర్టు ఆ క్లాజు ప్రకారం పరిహారం రాదని చెప్పిందని మా లాయరుగారు అన్నారు. సరే. క్లాజు అంత గట్టిదైనప్పుడు మళ్లీ నా చేత స్టాంపు పేపరు ఎందుకు రాయించుకున్నట్టు?

పోనీ పోట్లాడదామంటే, నా అగ్రిమెంటులో 50 వేల రూపాయల దాకా వివాదం ఇంజనీరు అధికారుల దగ్గర తేల్చుకోవాలి, అది దాటితే సివిల్ కోర్టు. 50 వేలు ఇప్పుడు ఏ మూలకు? ఆ అంకె ఎప్పటిదో మీరే ఊహించుకోండి.

ఫిడిక్ వాళ్ల రెడ్ బుక్కు అనే నిర్మాణ కాంట్రాక్టు నమూనా తెచ్చి మా నెత్తిన పెట్టమని అడగడం లేదు. అందులో క్లెయిమ్ ఉంటే 28 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. దానికి పెద్ద కంపెనీలకు వేరే మనుషులే ఉంటారు, నాకు ఉన్నది నేనూ, మా తమ్ముడూ. సర్వే, డిజైను కాంట్రాక్టరే చేసుకునే పెద్ద పనికి ఈపీసీ (డిజైను, సామాను, నిర్మాణం అన్నీ ఒకరికే అప్పగించే) కాంట్రాక్టు పెట్టండి, బాగానే ఉంటుంది. శాఖే డ్రాయింగు ఇచ్చి, అసిస్టెంట్ ఇంజనీరుగారు కొలిచి ఎం.బుక్ (కొలతల పుస్తకం)లో రాసే గదుల పనికి ఏం కావాలి? ప్రపంచ బ్యాంకును చూడండి. చిన్న పనులకు దాని దగ్గర వేరే నమూనా ఉంది. బిల్లుల మాట ఎత్తనన్నాను గానీ ఇక్కడ ఎత్తక తప్పదు: ఆ నమూనాలో బిల్లు సర్టిఫై అయిన 28 రోజుల్లో డబ్బు కట్టాలి, ఆలస్యమైతే వడ్డీ కలపాలి. బ్యాంకు అప్పిస్తే ఆ షరతుకు ఒప్పుకునే ప్రభుత్వాలకు, సొంత డబ్బుతో కట్టే బడికి అదే షరతు ఎందుకు కుదరదో నాకు అర్థం కాలేదు.

మీరు ఇంజనీరింగ్ శాఖల ఈఎన్‌సీ (ఇంజనీర్-ఇన్-చీఫ్)లను ఒకరోజు ఒక గదిలో కూర్చోబెడితే చాలు. 50 లక్షల లోపు పనులకు పాతిక పేజీలు దాటని అగ్రిమెంటు, పక్కనే తెలుగు ప్రతి. ఏ క్లాజు మార్చినా, తీసేసినా ఆ సంగతి 118వ పేజీలో కాకుండా మొదటి పేజీలో రాయాలి. సైటు అప్పగించిన రోజు నుంచే గడువు లెక్క మొదలవ్వాలి. ఆ స్టాంపు పేపరు రాయించుకునే ఆనవాయితీ ఒక సర్క్యులర్‌తో ఆపేయవచ్చు, దానికి ఖర్చు కూడా లేదు.

నా 146 పేజీల్లోంచి ఆ రెండు గదుల పనికి నిజంగా వర్తించేవి విడదీసి పెట్టాను. 23 వచ్చాయి. మీ ఆఫీసుకు పనికొస్తాయంటే పంపిస్తాను.

ఇట్లు,
ఒక చిన్న కాంట్రాక్టరు