ఆ ఆర్గాన్‌ను పాత సామాన్లకు వేయకండి

సంపాదకుడు గారికి,

పాత కట్టడాల మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. కడపలో మేం వెళ్లే చర్చిలో తాతల నాటి ఆర్గాన్ ఒకటుంది, కాలితో తొక్కి వాయించేది. ఇప్పుడు స్టోర్ రూంలో విరిగిన కుర్చీల కింద పడుంది. గాలి తిత్తి తోలు ఎలుకలు కొరికేశాయి, అయినా మొన్న మూత తీసి తొక్కితే రెండు మెట్లు పలికాయి! దాన్ని పాత సామాన్లకు వేసేద్దామంటున్నారు.

ఇంగ్లండ్‌లో ట్యూక్స్‌బరీ అబ్బే చర్చిలో ఒక పైప్ ఆర్గాన్ ఉంది. 17వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక కాలేజీ కోసం చేస్తే, 1654లో, రాజు లేని ఇంగ్లండ్‌ను అప్పుడు ఏలుతున్న క్రామ్‌వెల్ హాంప్టన్ కోర్ట్ అనే రాజభవనానికి తెప్పించుకున్నాడు, రాజు తిరిగొచ్చాక మళ్లీ కాలేజీకే చేరింది, చివరికి 1737లో ట్యూక్స్‌బరీకి వచ్చింది. ఇన్నిసార్లు విప్పి, మోసి, బాగుచేసినా అప్పటి గొట్టాలు కొన్ని ఇంకా అందులో ఉన్నాయి.

మాది అంత పెద్దదేం కాదు, గొట్టాలూ లేవు, హార్మోనియంలో ఉండే ఇత్తడి రీడ్లే. హార్మోనియం రిపేరు తెలిసినవాళ్లు ఒక్కసారి వచ్చి చూస్తే చాలు, తోలు ఖర్చుకు మేం కొందరం చందా వేసుకుంటాం. సంఘ పెద్దలు అంతవరకైనా ఆగాలి.

– ఒక పాఠకుడు, కడప