బొమ్మలో పాముంటే మనిషికి పగ అంటగట్టకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో మెక్సికో పాత రాతప్రతుల మీద వేసిన వ్యాసం మా చిక్కడపల్లి లైబ్రరీలో చాలా చేతులు మారింది. బొమ్మలు బాగున్నాయి. కానీ మనిషి తల పక్కన పాము ఉంటే 'పగబట్టేవాడు', గద్ద ఉంటే 'యుద్ధవీరుడు' అని జాతకం చెప్పినట్టు రాసేశారే, అదే నచ్చలేదు. అవి గుణాలు కావండీ, పేర్లు. అందులోనూ చాలావరకు పన్నుల చిట్టాల్లోనో పొలాల లెక్కల్లోనో ఎక్కిన మామూలు రైతుల పేర్లు. గద్ద సంగతికొస్తే, వాళ్ల 260 రోజుల పంచాంగంలో రోజుల గుర్తులు ఇరవైలో అదీ ఒకటి, పుట్టినరోజును బట్టి పేరు పెట్టేవాళ్లు కాబట్టి ఆ గద్ద ఉత్త పుట్టినరోజు కూడా అయ్యుండొచ్చు.

1440లో చనిపోయిన అజ్టెక్ రాజు ఇట్స్‌కోవాట్ల్ పేరే తీసుకోండి. కోడెక్స్ మెండోసా అనే బొమ్మల రాతప్రతిలో అది ఒక పాము, వీపు పొడుగునా నల్లటి గాజురాయి చెక్కులు. అజ్టెక్‌ల నావాట్ల్ భాషలో ఇట్స్‌ట్లి అంటే ఆ రాయి, కోవాట్ల్ అంటే పాము, ఇక్కడిదాకా చూసి అర్థం చెప్పేయొచ్చు. అదే పేరు కోడెక్స్ వెర్గారాలో, అంటే తెపెత్లావొస్తోక్ అనే ఊరి కుటుంబాలూ పొలాలూ ఎక్కించిన చిట్టాలో, ఎలా ఉందంటే రాతి చెక్కు, కుండ, నీళ్లు. పామే లేదు! కుండని కోమిట్ల్ అంటారు, అందులో 'కో' అనే శబ్దం ఒక్కటే బొమ్మ గీసినవాడు వాడుకున్నాడు, నీళ్లు ఆట్ల్, కలిపి చదివితే పేరు వచ్చేస్తుంది. మనం కావేరి అని రాయడానికి కాకినీ వేరునీ గీస్తే, ఆ అమ్మాయికి కాకులంటే ఇష్టమని ఎవరైనా రాస్తే ఎలా ఉంటుంది?

లాటిన్ ప్రార్థన 'పాతెర్ నోస్తెర్'ని కూడా ఇదే చిట్కాతో, పాంట్లి అనే జెండా, నోచ్‌ట్లి అనే నాగజెముడు పండు గీసి అక్కడివాళ్లు గుర్తుపెట్టుకునేవాళ్లని మెండియెటా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి రాశాడు.

ఇంకో మాట. 1560 నాటి హుయెహొత్సింకో అనే మెక్సికో ఊరి జనాభా చిట్టాలో బొమ్మల పక్కనే స్పానిష్ అక్షరాల్లో పేర్లు కూడా ఉంటాయి. బొమ్మ గీసినవాడూ అక్షరాలు రాసినవాడూ ఒకరే కానక్కర్లేదు, అందుకే రెండూ కలిపి చూడాలి. మీరేమో ఆ అక్షరాలు కత్తిరించి బొమ్మలే వేశారు, చోటు చాలకే అయ్యుంటుంది లెండి.

ఈసారి ఫోటో మొత్తం వేయండి. సవరణ కూడా అనుబంధంలోనే రావాలి, లోపలి పేజీలో ఏ మూలో చిన్న డబ్బా కట్టి వేస్తే ఇక్కడ ఎవరూ చూడరు.

– ఒక పాఠకుడు, చిక్కడపల్లి, హైదరాబాద్