ఓవల్ పందేలకూ కొంత చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

అండాకారపు (ఓవల్) ట్రాక్ మీద జరిగే ఇండియానాపొలిస్ 500 మైళ్ల కారు పందెం గురించి మన పత్రికల్లో విజేత పేరు, ఒక ఫొటో తప్ప మరేమీ కనిపించదు. అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ పందెంతో పాటు అయోవాలోని చిన్న ట్రాక్ మీద జరిగిన పోటీలనూ చూసిన హనుమకొండ వాసిగా ఈ లేఖ రాస్తున్నాను.

ఎప్పుడూ ఎడమకు తిరగడమే కదా, ఇందులో చూసేదేముందని మిత్రులు అంటుంటారు. గంటకు 350 కిలోమీటర్లు దాటిన వేగంలో ముందు కారు చీల్చిన గాలి వెనుక కారుకు తిన్నని దారిలో కలిసివచ్చినా, మలుపులోకి రాగానే అదే గాలి టైర్ల పట్టు సడలిస్తుంది కాబట్టి, ఎక్కడ దాటాలన్నది 200 చుట్లూ తెగని లెక్కే. ఇండియానాపొలిస్‌లో ఏ సీటు నుంచీ ట్రాక్ మొత్తం కనిపించదు. అయోవా ట్రాక్ మైలు కన్నా చిన్నది కనుక పై వరుసల నుంచి పోటీ అంతా కళ్ల ముందే సాగుతుంది. జట్ల రేడియో మాటలు వినిపించే స్కానర్ చెవికి పెట్టుకుంటే, పైనుంచి ట్రాక్‌ను గమనించే మనిషి డ్రైవరుతో "లోపలి పక్కన కారుంది, ఇంకా ఉంది, ఇక పో" అనడం కూడా వినవచ్చు. టీవీలో ఈ సుఖం లేదు!

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ తీరాన విద్యుత్ కార్ల పందెం జరిగినప్పుడు మీరు ట్రాక్ పటం వేసి వివరించినట్టే, మే నెలాఖరులో జరిగే ఈ పందేనికీ ముందురోజే అరపేజీ కేటాయించగలరు. పందెం మన రాత్రి పది దాటాక మొదలవుతుంది కనుక మరునాటి సంచికకు ఫలితం అందడమే కష్టం.

– ఒక పాఠకుడు, హనుమకొండ