సుగ్గికి వెళ్లే ఊళ్లకు చిన్న దాతలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

దసరా దాటగానే కర్నూలు జిల్లా పడమటి ప్రాంతంలో, ముఖ్యంగా కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు మండలాల్లో ఇళ్లకు తాళాలు పడడం మొదలవుతుంది. పత్తి తీతకు, ఆ తరువాత మిరప కోతకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, వెళ్లే కుటుంబాల్లో చాలావరకు ఉగాది దగ్గర పడితే గాని తిరిగి రావు. బియ్యం మూటలు, వంట పాత్రలతో పాటు బడి ఈడు పిల్లలూ వాహనం ఎక్కుతారు. బడి తెరిచినప్పుడు ఎవరో దాత పంచిన నోటు పుస్తకాలు సగం తెల్లగానే మిగిలిపోతాయి. 2011 జనాభా లెక్కల్లో రాష్ట్రంలోనే అక్షరాస్యత బాగా తక్కువగా నమోదైన మండలాల్లో కోసిగి ఒకటి కావడానికి ఈ వలస కూడా ఒక కారణమని ఇక్కడ పనిచేసిన ఏ ఉపాధ్యాయుడైనా చెబుతాడు.

తల్లిదండ్రులకు చదువు మీద ఆసక్తి లేదనడం అన్యాయం. మధ్యాహ్నం బడిలో భోజనం దొరుకుతుంది. రాత్రికి ఎవరు పెడతారు, జ్వరం వస్తే ఎవరు చూస్తారు అన్నదే వారి భయం. ఇంట్లో ముసలి అవ్వ ఉన్నా, పింఛను డబ్బుతో తన కడుపు నింపుకోవడమే ఆమెకు గగనం. ఆడపిల్లల సంగతి మరీ కష్టం: తల్లి కోతలో ఉంటే చంటిబిడ్డను ఎత్తుకోవడానికి అక్క వెళ్లవలసిందే.

మా బంధువుల ఊరిలో కొందరు యువకులు, బెంగళూరులో భవన నిర్మాణ పనుల్లోనూ ఆదోని జిన్నింగు మిల్లుల్లోనూ ఉన్నవారు, నెలనెలా తమకు చేతనైనంత వేసుకుని ఈ భయానికే పరిష్కారం వెతికారు. డిగ్రీ చదివిన ఆ ఊరి కోడలికి గౌరవ వేతనం ఇచ్చి సాయంత్రం బడి పెట్టించారు. బియ్యం, పప్పు, గుడ్లు కొనిచ్చారు. వంట మాత్రం అవ్వలే వంతుల వారీగా చేస్తారు. మొదటి ఏడు నమ్మి పిల్లలను వదిలి వెళ్లినవారు తక్కువ. మరుసటి ఏడు తల్లిదండ్రులే వెళ్లేముందు బియ్యం తెచ్చి ఇచ్చారు. ఏడో తరగతితో ఆగిపోయే ఆడపిల్లలు ఇప్పుడు పదో తరగతి పరీక్షలు రాస్తున్నారు. పిల్లలు ఊళ్లోనే ఉన్నారు కనుక తల్లులు కోతలు పూర్తిగా ముగియక ముందే తిరిగి వస్తున్నారు. ఇది ఎవరూ ముందుగా ఊహించని ఫలితం.

ఇంతటితో వలస ఆగిపోయిందని నేను అనడం లేదు. పక్కనే తుంగభద్ర పారుతున్నా చేలు వానకే ఎదురుచూసే ఈ ప్రాంతంలో, రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) కుడి కాలువ, వేదవతి ఎత్తిపోతల వంటి పనులు ప్రభుత్వమే చేయాలి. చందాలతో కాలువలు తవ్వలేము. ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడపకపోలేదు గాని, అనుమతులు ఆలస్యమైతే అవి తెరిచేలోగా పిల్లలు వెళ్లిపోతారు. ఆ మధ్య వారాలను కాపాడగలిగేది ఊరివాళ్ల చిన్న సాయమే.

1866 కరవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు ఆకలిగొన్న జనానికి అన్నం పెట్టారు. నాటి అవసరం అది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో పని మొదలుపెట్టారు. ఆయన స్థాపించిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఎంత పెద్దదైనా, పల్లెల్లో ఇలాంటి సాయంత్రం బడులనూ నడిపింది. నేటి దాతలేమో కట్టడాన్ని, శిలాఫలకాన్ని ఇష్టపడుతున్నారు. ఫిల్టరు మార్చే దిక్కులేక మూతపడిన శుద్ధజల కేంద్రాలు, వాటి గోడలపై మెరిసే దాతల పేర్లు మా ప్రాంతంలో అరుదేమీ కాదు. నెలనెలా ఇచ్చే జీతానికి ప్రారంభోత్సవం ఉండదు కదా!

మీ జిల్లా పేజీల్లో ప్రారంభోత్సవాల ఫోటోలతో పాటు, ఏడాది తరువాత అవే పనులు ఎలా ఉన్నాయో కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మండల విద్యాశాఖాధికారులు సెప్టెంబరులోగా వలస వెళ్లే కుటుంబాల పిల్లల సంఖ్యను ఊరివారీగా తేల్చి పత్రికలకు ఇస్తే, ఏ ఊరిలో ఎంతమందికి రాత్రి భోజనం, ఎందరు బోధకులు కావాలో దసరాకు ముందే దాతలకు తెలుస్తుంది. ఆ సొమ్ము పాఠశాల యాజమాన్య కమిటీ ద్వారా ఖర్చు కావాలి, లెక్కలు గ్రామ సచివాలయం గోడ మీద రాయించాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆదోని