నాలుగో బ్రిడ్జ్ ఏదండీ?

కస్టమర్ కేర్ వాళ్ళకి,

నమస్తే అండీ. గుంటూరు అరండల్‌పేట నుంచి రాస్తున్నా, డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తాను. పోయిన నెల మీ దగ్గర హెవీన్ డొమైన్ అనే బుల్లి ప్రోటీన్ ముక్క 3డీ మోడల్ 4,200 పెట్టి తెప్పించా, కాలేజీ డబ్బులు కాదు, నావే. బాక్స్ మీద 43 అమైనో ఆమ్లాలు, 4 డైసల్ఫైడ్ బ్రిడ్జ్‌లు (సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలని రెండేసి చొప్పున కలిపే కుట్లు) అని మీరే వేశారు. క్లాసులో పిల్లల చేత పూస పూస లెక్కపెట్టిస్తే 43 సరిగ్గానే వచ్చాయి, సిస్టీన్‌వి పసుపు పూసలు 8 కూడా ఉన్నాయి, తీరా చూస్తే వాటిని జతలుగా కలిపే పుల్లలు మూడే. చివర్లో 37, 41 పూసలు రెండూ ఎటూ కలవకుండా వేలాడుతున్నాయి. ఊడి పడిపోయిందేమో మేడం అని ఒకడు బల్లల కింద దూరి వెతికాడు కూడా పాపం. ఊడటం కాదు, అసలు అక్కడ పుల్ల గుచ్చడానికి చిల్లే పెట్టలేదు మీరు.

ఫోన్ చేస్తే మీ అబ్బాయి మూడు బ్రిడ్జ్‌లవి కూడా ఉంటాయి మేడం అన్నాడు. ఉంటాయి, తోటకూర జాతి గింజల్లో అలాంటిది ఒకటి ఉంది, కానీ దానికి మొత్తం అమైనో ఆమ్లాలే 30, సిస్టీన్లు 6. నేను కొన్నది రబ్బరు చెట్టు పాలలో దొరికే హెవీన్. ఇంత బుల్లి ముక్క ఆకారం చెడకుండా ఉండేదే ఈ కుట్ల వల్ల, నేను పాఠం చెప్పేదే దాని గురించి.

ఇంకోటి, మీ బుక్‌లెట్‌లో ఈ డొమైన్ కైటిన్‌ని, అంటే ఫంగస్ గోడలో ఉండే గట్టి పదార్థాన్ని, కోస్తుంది అని రాశారు. కోయదండీ, పట్టుకుంటుంది అంతే. కైటిన్‌ని కోసే మొక్కల ఎంజైమ్ క్లాస్ 1 కైటినేజ్‌లో ఇది ముందుంటుంది, ఫంగస్ గోడలో కైటిన్‌ని పట్టుకుంటుంది, కోసేది దీని తర్వాత ఉండే వేరే డొమైన్. బెండకాయ పట్టుకునే చెయ్యి వేరు, కత్తిపీట వేరు కదా. ఆ పట్టుకునే అమైనో ఆమ్లాలు, ట్రిప్టోఫాన్ 21, 23, టైరోసిన్ 30 పూసలు, పైకి కనపడాల్సింది పోయి సరిగ్గా వాటి మీదే స్టాండ్ అతికించారు! మా క్లాసులో మిర్చి రైతుల పిల్లలు చాలామంది, ఫంగస్ వల్ల వచ్చే కాయకుళ్ళు ఇంట్లో చూసినవాళ్ళు, వాళ్ళకి చూపిద్దామనుకున్నదే ఆ వైపు.

ఫొటోలు పెట్టాను. నాలుగు బ్రిడ్జ్‌లతో, స్టాండ్ వేరే వైపు పెట్టి కొత్తది పంపండి, లేదా డబ్బులు వెనక్కి వేయండి, కొరియర్ ఖర్చు మీదే. గమ్ పెట్టి అతికించుకోండి మేడం అని మాత్రం మళ్ళీ చెప్పించకండి, అతికించడానికి పుల్ల ఇవ్వలేదుగా మీరు.